పొలిమేర నుంచి తెలుగు టైటాన్స్‌కు

హిందూపురం,
నవంబరు 2025

తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు యాజమాన్యానికి, శిక్షకులకు,



అక్టోబరు 29 రాత్రి ఢిల్లీలో పుణేరి పల్టన్ చేతిలో మన జట్టు 45-50తో ఓడిపోయినప్పుడు, ఇక్కడ మా వీధి చివరి టీ అంగడి ముందు పాతికమంది దాకా నిలబడి చూస్తున్నాం. ఆట అయిపోయాక కూడా చాలాసేపు ఎవరూ కదల్లేదు. అంగడాయన టీవీ ఆపలేదు. ఓడిపోవడం మాకు కొత్త కాదు, మీకు తెలియంది కాదు. కానీ ఫైనల్ గడప దాకా వెళ్లి ఓడిపోవడం ఎలా ఉంటుందో మా కుర్రాళ్లలో చాలామందికి అదే మొదటిసారి. టైటాన్స్ అంతకు ముందు ప్లేఆఫ్ ఆడింది 2016లో. అప్పుడు ఈ పిల్లలు రెండో తరగతో మూడో తరగతో చదువుతుండేవాళ్లు.

నేను బళ్లలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అంతకు ముందు ఎర్రమట్టి మీద ఎడమ కార్నర్‌లో నిలబడి చీలమండలు పట్టినవాణ్ని. ఇప్పటికీ జాతర్లలో, సంక్రాంతి పందేల్లో ఈల పట్టుకుని రెఫరీగా నిలబడతాను. మీరు వచ్చే సీజన్‌కు జట్టును కట్టుకునే ముందు, ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అని లెక్కలు వేసుకునే ముందు, నా మాట నాలుగు నిమిషాలు వినండి.

ముందు మేముండే చోటు గురించి చెప్పాలి. హిందూపురం నుంచి బెంగళూరుకు వంద కిలోమీటర్లు. పొద్దున రైలెక్కి పని చూసుకుని రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. మా ఊళ్లోంచి ఎంతమంది అలా వెళ్లొస్తుంటారో స్టేషన్లో నిలబడితే తెలుస్తుంది. హైదరాబాదు దానికి నాలుగింతల దూరం. ఇక విశాఖలో మన జట్టు ఆట చూడాలంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక పగలూ ఒక రాత్రీ లెక్కపెట్టుకోవాలి. పొలిమేర దాటితే గౌరీబిదనూరు, మధుగిరి, పావగడ. మా ఇళ్లలో తెలుగూ కన్నడమూ ఒకే కంచంలో కలుస్తాయి. అందుకే మా వీధుల్లో బెంగళూరు బుల్స్ బనియన్లు కనిపిస్తాయి. వాళ్లను నేను తప్పుపట్టను. దగ్గరి ఊరి జట్టు మీద మనసు పోవడం సహజం. అయినా సగం మందిమి టైటాన్స్‌నే పట్టుకుని ఉన్నాం. పేరులో తెలుగు ఉంది కాబట్టి, అంతే.

ఆ పట్టు నిలుపుకోవడం ఎంత కష్టమో 2015 ఆగస్టులో తెలిసింది. ప్రో కబడ్డీ లీగ్ రెండో సీజన్, ముంబైలో సెమీఫైనల్, ఎదుట ఎవరు? బెంగళూరు బుల్స్. 38-39. ఒక్క పాయింటు. ఒక్క బోనస్ గీత దాటి ఉంటే, ఒక్క చెయ్యి అంగుళం ముందుకు చాచి ఉంటే ఫైనల్ ఆశ మిగిలి ఉండేది. తర్వాత పాట్నాను ఓడించి మూడో స్థానం తెచ్చుకున్నాం గానీ, మా ఊళ్లో ఆ మూడో స్థానం ఎవరికీ గుర్తు లేదు. ఆ ఒక్క పాయింటు మాత్రం అందరికీ గుర్తుంది. మా అన్నదమ్ముల పిల్లల్లో ఇద్దరు అప్పుడే అటు మారిపోయారు.

ఆ రోజుల్లో రాహుల్ చౌదరి ఉండేవాడు. పొడుగ్గా, నవ్వుతూ, గీత దాటి లోపలికి వచ్చాక తొందరేమీ లేనట్టు నిలబడి, చివరి ఐదు సెకన్లలో అందుకుని వెళ్లిపోయేవాడు. బిజ్నోర్ కుర్రాడు. అయినా మా పిల్లలు అతణ్ని మావాడే అనుకున్నారు. 2016లో నాలుగో సీజన్లో మళ్లీ సెమీఫైనల్ చేరాం. జైపూర్ ఓడించింది. మూడో స్థానం కోసం ఆడిన ఆటలో పుణె ఓడించింది. ఆ తర్వాత మొదలైంది కరువు.

కరువు అంటే ఏమిటో మా జిల్లాకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాన కోసం ఆకాశం చూసి, వేసిన చెనిక్కాయ ఎండిపోతుంటే మళ్లీ విత్తనం కొనే జనం మేం. టైటాన్స్‌తో కూడా అదే జరిగింది. ఏడో సీజన్లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకు కొన్నారు, పదకొండో స్థానంలో ఆగాం. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు వరసగా అట్టడుగు. ఒక్కో సీజన్లో 22 ఆటలు. గెలిచింది ఎనిమిదిలో ఒకటి, తొమ్మిదిలో రెండు, పదిలో రెండు. 66 ఆటల్లో 5 గెలుపులు. ఇంకో జట్టయితే ఊరి జనం చూడటం మానేసేవాళ్లు.

ఎనిమిదో సీజన్ మాకు ఇంకో రకంగా గుచ్చుకుంది. కరోనా రోజులు. ఆటలన్నీ బెంగళూరులోనే, వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో పెట్టారు. ఇంత దగ్గర ఇంత కాలం టైటాన్స్ ఎప్పుడూ ఉండలేదు. రెండు నెలలు మా రైలు దూరంలోనే ఉన్నారు. కానీ ప్రేక్షకులను లోపలికి రానివ్వలేదు. ఖాళీ కుర్చీల ముందు మన జట్టు ఓడిపోతుంటే టీవీలో చూశాం. అరుపుల్లేని హాల్లో రైడర్ కూత ఒక్కటే వినిపించేది. చిన్నప్పుడు సందెవేళ పొలం గట్టు మీంచి వినిపించే చెడుగుడు కూతలాగా. మా కేకలు అక్కడ ఉండి ఉంటే ఇంకో రెండు ఆటలైనా గెలిచేవాళ్లని నేనిప్పటికీ నమ్ముతాను.

పదో సీజన్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా అసలు మాట అక్కడే ఉంది. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. లీగ్ చరిత్రలో అంతకు ముందెవరికీ అంత ధర పలకలేదు. ఆ రోజు మా ఊళ్లో టపాసులు కాల్చారంటే నమ్మండి. బుల్స్‌కు కప్పు తెచ్చిపెట్టినవాడు, 2019 జనవరిలో ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చినవాడు, ఇప్పుడు మన బనియన్ వేసుకున్నాడు. అయితే ఒక్కో జట్టు చేతిలో ఉన్న మొత్తం డబ్బు 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్క మనిషికి పోయింది. మిగిలిన డబ్బుతో కార్నర్లు, కవర్లు, రెండో రైడరు, మూడో రైడరు, బెంచీ అందరినీ కొనాలి. పవన్ తన పని తాను చేశాడు. కానీ కబడ్డీలో కూతకు ఒక్కడే పోతాడు, పట్టడానికి ఏడుగురు కావాలి. పవన్ తెచ్చిన పాయింట్లు అటునుంచి వచ్చిన రైడర్లు పట్టుకుపోయారు. అతను ఔటై బయట కూర్చుంటే లోపలికి తిరిగి తెచ్చేవాడు లేడు. రెండే గెలుపులు.

ఇక్కడ పట్టేవాళ్లు చేతులు కలిపి కట్టే గొలుసు గురించి చెప్పకుండా ఉండలేను. కార్నర్ ఆటగాడు చీలమండ పట్టాడంటే జనం అతనికే చప్పట్లు కొడతారు. నిజానికి ఆ పట్టు నిలవాలంటే పక్కనున్న ఇన్‌వాడు చెయ్యి వదలకూడదు, కవర్ అర అడుగు ముందుకొచ్చి రైడర్‌ను గీత వైపు తిరగనివ్వకూడదు. నేను ఆడే రోజుల్లో నా పక్కన నిలబడినవాడు నేను శ్వాస పీలిస్తే తెలుసుకునేవాడు, వీడు ఇప్పుడు దూకుతాడని. ఏళ్ల తరబడి ఒకే చెయ్యి పట్టుకుంటే వచ్చే తెలివి అది. వేలంలో దొరకదు. ప్రతి ఏడూ జట్టును విప్పేసి కొత్తగా అల్లుకుంటే ఆ చేతులు ఒకదానికొకటి కొత్తగానే ఉంటాయి.

పదకొండో సీజన్ నుంచి మీరు ఈ మాట గ్రహించినట్టు నాకు అనిపించింది. కృషన్ కుమార్ హుడా గారు శిక్షకుడిగా వచ్చారు. 2024 అక్టోబరులో గచ్చిబౌలిలో మొదటి ఆటలోనే బుల్స్‌ను 37-29తో కొట్టాం. ఆ సీజన్లో 22లో 12 గెలిచాం. ఆరు జట్లకే ప్లేఆఫ్, మనది ఏడో స్థానం. గుండె మండింది గానీ, అయిదు గెలుపులకు మూడేళ్లు పట్టిన జట్టు ఒక్క ఏడాదిలో పన్నెండు గెలవడం చిన్న విషయం కాదు. పన్నెండో సీజన్లో పవన్‌ను వదులుకున్నారు. చాలామంది తిట్టారు. నేను తిట్టలేదు. విజయ్ మాలిక్‌ను నిలుపుకుని కెప్టెన్సీ ఇచ్చారు, భరత్ హుడాను తెచ్చారు, వెనక శుభం షిండేను నిలబెట్టారు. ఈ ముగ్గురి ధర కలిపినా పదో సీజన్లో పవన్ ఒక్కడికి పెట్టినంత కాలేదు. 18లో 10 గెలిచి నాలుగో స్థానంలో నిలిచాం. ప్లేఆఫ్‌లో ఎదురైంది మళ్లీ బుల్స్. 37-32. పదేళ్ల నాటి ఒక్క పాయింటుకు ఆ రాత్రి మా వీధిలో లెక్క సరిపోయింది. బుల్స్‌లోనే ఎదిగిన భరత్ మన వైపు నిలబడి ఆడుతుంటే, బుల్స్ బనియన్ వేసుకున్న మా మేనల్లుడు కూడా చివరికి చప్పట్లు కొట్టాడు. తర్వాత పాట్నా మీద 46-39. ఆ తర్వాత పుణె.

ఆ ఓటమి దగ్గరే నేను మళ్లీ ఆగుతాను. ఫైనల్‌కు పోయే ఆటలో 45 పాయింట్లు తేవడం అంటే మాటలు కాదు. 45 తెచ్చిన జట్టు మామూలుగా గెలుస్తుంది. మనం 50 ఇచ్చాం. అందుకే వచ్చే సీజన్‌కు నా మొదటి విన్నపం: ఇంకో పెద్ద పేరు కోసం సంచీ ఖాళీ చేయకండి. భరత్‌ను, విజయ్‌ను వదలకండి. ఇద్దరూ ఉంటే ఒకడు ఔటైనా ఇంకొకడు లోపలికి తెస్తాడు. మిగిలిన డబ్బు కార్నర్ల మీద, కవర్ల మీద పెట్టండి. ఇప్పుడున్న వెనక వరసను విప్పకండి. వాళ్లకు ఇంకో ఏడాది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోనివ్వండి. ముఖ్యంగా చివరి అయిదు నిమిషాల్లో. ముగ్గురే మిగిలినప్పుడు సూపర్ ట్యాకిల్ కోసం తొందరపడి ముందుకు దూకే అలవాటు మనవాళ్లలో పదే పదే చూశాను. రెండు ఖాళీ కూతల తర్వాత రైడర్ మూడో కూతకు వచ్చి ఏదో ఒకటి చేయాల్సిందే అయినప్పుడు, ఆగడం మనకు లాభం. ఆగే ఓర్పు నేర్పాలి. అది పాతికేళ్ల లోపు కుర్రాడికి ఎంత కష్టమో నాకు తెలుసు, నేర్పినవాణ్ని కాబట్టే చెబుతున్నాను.

మా పెనుకొండ కొండకోటను మీరెప్పుడైనా చూశారో లేదో. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక, విజయనగరం బూడిదయ్యాక, తిరుమల రాయలు మిగిలినవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి రాజధాని పెట్టుకున్న చోటు అది. ఓడినవాళ్లు ఊపిరి తీసుకుని మళ్లీ నిలబడ్డ ఊరు. రాళ్లు ఇంకా ఉన్నాయి. ఆ కోట కింది మైదానాల్లో పిల్లలు సాయంత్రం పూట కూత పెడుతుంటారు.

ఆ పిల్లల గురించే నా రెండో విన్నపం. నిజానికి ఈ ఉత్తరం రాసింది దానికోసమే.

పన్నెండు సీజన్లుగా మన జట్టులో తెలుగు కుర్రాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హర్యానా వాళ్లు బాగా ఆడతారు, ఎవరూ కాదనరు. అక్కడ ఊరూరా ఆట ఉంది, ఆడితే ఉద్యోగం వస్తుందన్న ఆశ ఉంది. మాకూ ఆట ఉంది. ఆశ లేదు. ధర్మవరంలో మగ్గాల ఇళ్లకు వెళ్లి చూడండి. పదహారేళ్ల కుర్రాడు గుంట మగ్గంలో కూర్చుని పొద్దుటినుంచి రాత్రి దాకా కాళ్లతో తొక్కుతుంటాడు. ఆ తొడల బలం, ఆ నడుము బిగువు ఏ జిమ్‌లో వస్తుంది? సాయంత్రం అరగంట మట్టి మీదికి వస్తే వాణ్ని ఇద్దరు పట్టినా ఆపలేరు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి మా కుర్రాళ్లు ఎంతోమంది అక్కడా, చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లోనూ షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పొద్దున ప్రాక్టీసు చేసేవాళ్లు నాకు తెలుసు. హిందూపురంలో చింతపండు మండీలో మూటలు మోసే కుర్రాడొకడు ఉన్నాడు, పేరు చెప్పను, వాడి డ్యాష్ తగిలితే మనిషి గీత అవతల పడాల్సిందే.

ఇలాంటివాళ్లు ట్రయల్స్‌కు ఎందుకు రారు? నేను ఒకసారి నలుగురిని ఒక పెద్ద ఊళ్లో ఎంపికలకు తీసుకెళ్లాను. పోను ఒక రోజు, రాను ఒక రోజు, అక్కడ రెండు రోజులు. నాలుగు రోజుల కూలి పోయింది. పైగా పుట్టినప్పటినుంచీ మట్టి మీద ఉత్తకాళ్లతో ఆడినవాళ్లు మొదటిసారి మ్యాట్ మీద బూట్లతో నిలబడ్డారు. మట్టిలో కాలు జారుతూ ఆగుతుంది, మ్యాట్ మీద టక్కున పట్టుకుంటుంది. తిరగబోతే మోకాలు మెలిపడుతుంది. పది నిమిషాలు చూసి, "వద్దు, పొండి" అన్నారు. తిరుగు రైల్లో ఎవరూ మాట్లాడలేదు. వాళ్లలో ఇద్దరు ఆ తర్వాత ఆట మానేశారు. ఆ రోజు వాళ్లకు పది నిమిషాలు కాకుండా పది రోజులు మ్యాట్ ఇచ్చి ఉంటే అనుకుంటూ ఎన్నోసార్లు నిద్రపట్టక లేచాను.

ఈ కూలి సంగతి కొత్తది కాదు. ఇంగ్లండులో రగ్బీ అని మన కబడ్డీకి దూరపు చుట్టంలాంటి ఆట ఒకటి ఉంది. అక్కడా ఎదుటివాణ్ని ఒడిసిపట్టి నేలకు దించాలి. ఉత్తర ఇంగ్లండు మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకు వస్తే సగం రోజు కూలి పోయేది. ఆ పోయిన కూలి అయినా ఇవ్వండని అడిగితే పెద్దలు ఒప్పుకోలేదు. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో ఆ ప్రాంతపు క్లబ్బులు కూర్చుని, పాత సంఘానికి దణ్ణం పెట్టి బయటికొచ్చేశాయి. అలా పుట్టిందే రగ్బీ లీగ్. విగన్, సెయింట్ హెలెన్స్ లాంటి చిన్న చిన్న పారిశ్రామిక ఊళ్ల పేర్లు ఆ ఆటలో ఈరోజుకీ మోగుతున్నాయంటే, కూలివాడి సగం రోజు విలువ తెలిసినవాళ్లు దాన్ని కట్టారు కాబట్టే. ధర్మవరం మగ్గానికీ, అక్కడి మిల్లుకూ మధ్య నాకు పెద్ద తేడా కనబడదు.

కాబట్టి అయ్యా, మేం అడిగేది ఇది. లీగ్‌లో కొత్త కుర్రాళ్లను వేలంతో పని లేకుండా నేరుగా జట్టులోకి తీసుకునే దారి మీకు ఉంది. ఆ దారిని ఒక్క ఏడాది మా వైపు తిప్పండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. మూడు ఊళ్లలో మూడు వారాలు ఎంపికలు పెట్టండి. వచ్చిన ప్రతి కుర్రాడికీ ఆ రోజు కూలి లెక్కగట్టి ఇవ్వండి. మీ జట్టు ఖర్చులో అది కనిపించను కూడా కనిపించదు. ఎంపికకు ముందు పది రోజులు మ్యాట్ పరిచి ఉంచండి, బూట్లు ఇవ్వండి, అడుగు వేయడం నేర్పేందుకు మీ శిక్షకుడినొకరిని పంపండి. ఆ తర్వాత తూకం వేయండి. ఎవరూ పనికిరారంటే నేను మారు మాట్లాడను. మీరు వెళ్లేటప్పుడు ఆ మ్యాట్ మాత్రం ఏదో ఒక బడిలో వదిలి వెళ్లండి.

ఒక్కడు దొరికినా చాలు. మా ఊరి పిల్లవాడొకడు టైటాన్స్ బెంచీ మీద కూర్చున్నా సరే, ఆ రోజు మా వీధిలో బుల్స్ బనియన్లు సగం పెట్టెల్లోకి పోతాయి. ఫైనల్ సంగతి ఫైనల్ చూసుకుంటుంది. భరత్ కూతకు పోతుంటే వెనక కార్నర్‌లో ధర్మవరం కుర్రాడొకడు మోకాళ్లు వంచి, పక్కవాడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉండటం చూడాలని నాకు ఆశ. ఈ వయసులో నాకున్న పెద్ద ఆశ అదే.

మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పండి. సంక్రాంతి తర్వాత అయితే పిల్లలంతా ఊళ్లోనే ఉంటారు, ఎండ కూడా ముదరదు. మ్యాట్ రావడం ఆలస్యమైనా ఫర్వాలేదు, ముందు మనుషులు రండి. మట్టి తవ్వి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీసి సిద్ధంగా ఉంచుతాం. దీపాలు మేమే కట్టుకుంటాం. భోజనానికి రాగి సంగటి, చెనిక్కాయ ఊరుబిండి మా ఇంట్లోనే.

ఇట్లు,
ఒక పాత ఎడమ కార్నర్